అన్న కుడిచెయ్యి

ముఖాలకు రంగులు వేసే కళాకారుల సమావేశానికి తమ్ముడు రంగుల పెట్టె పట్టుకునే వచ్చాడు. కానీ మనసులో ఉన్నది వేరు. అన్న చెయ్యి విరగ్గొట్టాలి.

ఆరేళ్ళ కిందట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పిల్లల ముఖాలకు రంగులు వేసేవారు. పిల్లలు తమ్ముడి ముందే వరస కట్టేవారు. అన్నకు కడుపు మండిపోయేది. ఒక సాయంత్రం మాటా మాటా పెరిగి, తమ్ముడి కుడిచేతిని వ్యాను తలుపు సందులో పెట్టి మూడుసార్లు తలుపు వేశాడు. ఆ వేళ్ళు మళ్ళీ కుంచె పట్టలేదు. ఎడమచేత్తో సన్నగీత గీయడం తమ్ముడికి పట్టుబడేసరికి నాలుగేళ్ళయింది.

హాల్లో పక్క కుర్చీలో కూర్చున్నావిడ పెద్దపులి ముఖాలు వేయడంలో పేరుపడ్డ మనిషి. అందరూ పులక్క అంటారు. తమ్ముడు ఓ పిల్లాడి ముఖం మీద పులి మీసాలు గీయడం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీసాలు కిందనుంచి పైకి లాగుతున్నావేంటి తమ్ముడూ?"

"ఎడమచెయ్యి కదక్కా. పైనుంచి లాగితే వణుకుతుంది."

"నాకూ నేర్పు. నా కుడిచేతికి పొగరెక్కువైంది."

అతనికి నవ్వొచ్చింది. ఆవిడ చెంపల మీదే మీసాలు గీసి చూపించాడు. కాసేపు తనెందుకొచ్చాడో కూడా మరచిపోయాడు.

అంతలో సన్మానానికి అన్నను వేదిక మీదికి పిలిచారు. చప్పట్లు మోగాయి. అన్న మైకు అందుకుని కుడిచెయ్యి పైకెత్తాడు. "ఈ చెయ్యి చల్లగా ఉన్నంతకాలం నాకు లోటు లేదు."

తమ్ముడు మడతకుర్చీ ఒకటి లాక్కుని వేదిక ఎక్కాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. అన్న కూలిపోయాడు. తమ్ముడు అతని మణికట్టును బూటుతో తొక్కిపట్టి కుర్చీ ఎత్తాడు.

"వద్దురా. నీకు దణ్ణం పెడతా."

"నేనూ అదే అన్నాను. విన్నావా?"

వెనకనుంచి పులక్క అతన్ని పట్టుకోబోయింది. పైకి లేచిన కుర్చీ ఇనుపకాలు ఆవిడ నోటికి తగిలింది. రెండు పళ్ళు ఊడి నేలమీద పడ్డాయి. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని చతికిలబడింది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది.

తమ్ముడు కుర్చీ వదిలేసి ఆవిడను లేపడానికి వంగాడు. అదే అదనుగా అన్న లేచి, వేదిక మీది బల్లపై ఉన్న కుంచెల గాజు జాడీతో అతని తలమీద కొట్టాడు. జాడీ పగిలింది. పగిలిన ముక్కతో మెడ మీదికి వస్తుంటే నలుగురు మీదపడి ఆపారు.

వచ్చిన పోలీసాయన పులక్కను అడిగాడు. "ఎవరు కొట్టారమ్మా?"

ఆవిడ నోటికి గుడ్డ అదుముకుని తమ్ముడి వైపు చెయ్యి చూపించింది.

"నేనేనండీ," అన్నాడు తమ్ముడు. తలనుంచి కారే రక్తం కళ్ళలో పడుతోంది. "అక్కనూ నేనే కొట్టాను, అన్ననూ నేనే కొట్టాను. రెండూ రాసుకోండి. అక్కను కొట్టినందుకే నాకు సిగ్గుగా ఉంది."

పులక్క అతనికేసి చూడలేదు. అంబులెన్సు ఎక్కేటప్పుడు అతను సాయానికి చెయ్యి చాపితే, పక్కకు తోసేసి తనే ఎక్కింది.