మూడు నిమిషాల మైకు

మార్గో లిండ్‌క్విస్ట్ మా క్లీవ్‌లాండ్ యుద్ధ వ్యతిరేక కూటమిలో చేరి ఆరు వారాలు. నేను చేరి నాలుగేళ్లు. అయినా వాషింగ్టన్ సభలో మా ఊరి ఆడవాళ్ల తరఫున మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం ఆవిడకే ఇచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులు మాట్లాడింది నేను, ఇంటింటికీ ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నది నేను. మైకు మాత్రం ఆవిడకా?

"ఆవిడ గొంతు తేనె కదా" అన్నాడు కూటమి అధ్యక్షుడు వెండెల్.

"మరి నాదేంటయ్యా?"

"నీది బస్సుల్ని కదిలించే గొంతు లోర్నా."

అందరూ నవ్వారు. మార్గో నవ్వలేదు. అదీ నాకు నచ్చలేదు.

నేనూ మార్గో ఉన్న ఆడవాళ్ల సంఘంతో కలిపి మా కూటమిలో పద్దెనిమిది సంఘాలు. పాస్టర్లకూ కార్మికులకూ విద్యార్థులకూ దేంట్లోనూ పొసగదు. 'సైన్యాన్ని ఇప్పుడే వెనక్కి పిలవాలి' అన్న ఒక్క నినాదం మీద కలిశారు. 'ముందు చర్చలు' అని ఎవరైనా అంటే సగం మంది లేచిపోతారు. ఆ సంగతి తెలిసే చివరి సమావేశంలో లేచి నిలబడ్డాను.

"మొన్న కాఫీ దగ్గర మార్గో గారు ముందు చర్చలే మేలన్నారు. రేపు స్టేజీ మీద అదే అంటే పూచీ ఎవరిది?"

నిజానికి ఆవిడ అన్నది, "మా ఆయన అలా అంటాడు, నేనొప్పుకోను" అని. ఆ రెండో ముక్క మింగేశాను.

గంటసేపు రభస. చివరికి మార్గో, "నావల్ల కూటమి చీలొద్దు" అని తప్పుకుంది. ఇక నా పేరే చదువుతారని సర్దుకు కూర్చున్నాను.

"ఒక సంఘం వదులుకున్న చోటు వరుసలో తర్వాతి సంఘానిది. అంటే పాస్టర్లది" అన్నాడు వెండెల్.

ఆ నియమం రాసిందే నేను. కుళ్లులో అదే మరిచిపోయాను.

కోటు తొడుక్కుంటుంటే మార్గో వచ్చింది.

"నిన్నే పంపమని వెండెల్‌కి రెండుసార్లు చెప్పానమ్మా, వినలేదు. ఆ రోజు నేనేమన్నానో నీకు గుర్తుందిగా?"

"గుర్తుంది."

"సరేలే. బస్సులో నాకో సీటు ఉంచు."

నాలుగు తిట్టినా పోయేది. నాకంటే మంచిది కూడానా అని ఇంకా రగిలిపోయాను.

వాషింగ్టన్‌లో మా మూడు నిమిషాలూ పాస్టరే మాట్లాడాడు. ఆడవాళ్ల ఊసే ఎత్తలేదు. నా పక్కన నిలబడి మార్గో చప్పట్లు కొట్టింది. నాకు చేతులు రాలేదు.