మంట కోసం ఐదు బొమ్మలు

సిట్టింగ్ అని పేరేగానీ, ఇంట్లో మ్యూజిక్ సిట్టింగ్ పెట్టిన రోజు నాగేశ్వరి కూర్చునేది ఉండదు. ముందు గదిలో హార్మోనియం, గిటారు, డప్పు, వాటి మధ్య భర్త త్రినాథరావు, డైరెక్టరు గారు, ఆయన వెనకాల వచ్చిన నలుగురైదుగురు. లోపల వంటింట్లో పాలు, డికాక్షను, నాగేశ్వరి. ట్యూను కుదరకపోతే కాఫీ అడుగుతారు. కుదిరితే ఆ సంతోషంలో మళ్ళీ కాఫీ అడుగుతారు. మద్రాసులో ఉన్నప్పుడూ ఇంతే, పరిశ్రమతో పాటు మూటాముల్లె కట్టుకుని ఫిల్మ్ నగర్‌కి వచ్చి మూడేళ్ళయినా ఇంతే. ఊరు మారింది గానీ ఆమె చేతిలో గరిట మారలేదు.

తొంభై మూడు ఫిబ్రవరిలో అలాంటి సిట్టింగ్ ఒకటి జరిగింది. సినిమాలో హీరో బొమ్మలు వేసేవాడు. ఎవరూ గుర్తించరు. చివరికి తన బొమ్మలు తనే తగలబెట్టుకుంటాడు. దానికి పాట కావాలి.

"పల్లె పదంలా ఉండాలి, కింద మాత్రం రాక్ వాయించాలి. డప్పూ గిటారూ కలిసి ఊపెయ్యాలి," అన్నారు డైరెక్టరు గారు. "కానీ ట్యూను కంటే ముందు నాకు వాడి బతుకు కావాలి త్రినాథ్. వాడి బాధ నిజమనిపించాలి."

ట్యూన్లంటే త్రినాథరావు దగ్గర బోలెడున్నాయి. బాధ మాత్రం లేదు. వేళకి కాఫీ అందుతున్న మనిషికి బాధ ఎక్కడి నుంచి వస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం నాగేశ్వరి బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఆయన వచ్చి ఎదురుగా పీట వేసుక్కూర్చున్నాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన వంటింట్లో పీట వేసుకోవడం అదే మొదలు.

"నాగూ, పెళ్ళికి ముందు బొమ్మలు వేసేదానివి కదా. ఎందుకు మానేశావు?"

ఆమె చేతిలో చేట ఆగిపోయింది. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసి, చూసి, అసలు ఎదురుచూడటమే మర్చిపోయి చాలాకాలమైంది. అంచేత మొదలుపెట్టాక ఆగలేదు. రామచంద్రపురంలో డ్రాయింగు మేష్టారైన నాన్న దగ్గర నేర్చుకున్న సంగతి చెప్పింది. కాపురానికి వస్తూ చీరల పెట్టెతో పాటు ఐదు నూనెరంగుల బొమ్మలు దుప్పట్లో చుట్టి తెచ్చుకున్న సంగతి చెప్పింది. మద్రాసులో రెండు గదుల అద్దింట్లో టర్పెంటైన్ సీసా మూత తీసిన మొదటిరోజే అత్తగారు సీతామహాలక్ష్మి గారు గుండె పట్టుకుని, "అమ్మాయ్, ఆ కంపుకి నాకు ఆయాసం వస్తోందే, మూసెయ్," అన్నారు. స్నానాల గదిలో తలుపేసుకుని గీస్తే, "లోపల గంటసేపు ఏం చేస్తోందిరా నీ పెళ్ళాం," అన్నారు. త్రినాథరావు మాత్రం ఏనాడూ కాదనలేదు. "నేను వద్దన్నానా? పనయ్యాక వేసుకో," అనేవాడు. పనయ్యాక! ఆ అయ్యాక ఎప్పుడొస్తుందో చూద్దామని ఆమె కొన్నాళ్ళు చూసింది. ఒకరోజు చంటిపిల్ల ఏడుస్తోందని బ్రష్షులు కడగకుండా లేచి వెళ్ళింది. మర్నాటికి అవి గట్టిపడి పుల్లలైపోయాయి. మళ్ళీ కొనలేదు. ఆ చంటిపిల్ల ఇప్పుడు ఏడో తరగతి.

"ఎవరూ మానెయ్యమనలేదండీ. ఏ రోజు మానేశానో నాకే తెలీదు," అంది.

త్రినాథరావు కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అబద్ధం చెప్పకూడదు. ఆమె చెయ్యి పట్టుకుని, "పాపం నాగూ," అన్నాడు. ఆ సాయంత్రం ఆయనకిష్టమని ఆమె పూరీలు చేసింది. మొగుడు తన మాట విన్నాడనుకుంది, పిచ్చిది.

మూడు రోజులకి పాట తయారైంది. ఈసారి మాటలు కూడా ఆయనే కట్టాడు.

రంగులన్నీ ఊరికిచ్చి
వెల్లచొక్కా ఒంటికేసి
పోతున్నాడే బొమ్మలోడు
ఎవ్వరికీ పట్టనోడు

రెండో చరణంలో ఎండి పుల్లలైన కుంచెలున్నాయి. మూడో చరణంలో, ఏనాడు మానానో నాకే తెలియదన్న మాట ఉంది. డైరెక్టరు గారు లేచి త్రినాథరావుని కావిలించుకున్నారు. "ఎక్కడ పట్టావయ్యా ఈ బతుకుని," అంటే, త్రినాథరావు గుండె మీద చెయ్యేసుకుని చూపించాడు. కాఫీ ట్రేతో గుమ్మంలో నిలబడ్డ నాగేశ్వరికి తన పెట్టెలో చీర ఎవరో కట్టుకుని బజార్లో తిరుగుతున్నట్టు అనిపించింది.

"బొమ్మలోడేంటండీ?" అని తర్వాత మెల్లిగా అడిగింది.

"ఆడవాళ్ళ గోల మీద రాక్ పాటేంటే? హీరోని వంటింట్లో నిలబెట్టి గిటారు వాయించమంటావా?" అని నవ్వాడాయన. "ఏదైతేనేం, నీ బాధ పదిమందికీ చేరుతుంది. సంతోషించు."

షూటింగు దగ్గరపడింది. ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్ళు వేసిన బొమ్మలు దగ్గర్నించి చూస్తే సబ్బు ప్రకటనల్లా ఉన్నాయని డైరెక్టరు గారు పెదవి విరిచారు. అప్పుడు త్రినాథరావుకి తన ఇంటి అటక గుర్తొచ్చింది.

"ఎలాగూ దుప్పట్లో చుట్టి పడున్నాయిగా నాగూ. తెర మీద కనపడితే నీకే గొప్ప."

"చివర్లో కాలుస్తాడు కదండీ."

"నీవి కాలుస్తారా ఎక్కడైనా? దగ్గరి షాట్లకి నీవి, మంటకి డూపులు. నేనున్నాగా."

నేనున్నాగా అన్న మాట మీద ఐదు బొమ్మలూ అటక దిగాయి. తీగ మీద ఆరేసిన అమ్మ చీరలు. కాలువ లాకుల దగ్గర ఆగిన పడవ. గోడవారన బోర్లించిన అంట్లు. సాంబ్రాణి పొగకి జుట్టు విరబోసుకుని వెనుదిరిగి కూర్చున్న తను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని సైకిలు పట్టుకున్న నాన్న. నాన్న పోయి ఆరేళ్ళయింది. వ్యానులోకి ఎక్కిస్తున్న ఆర్ట్ అసిస్టెంటుతో, "ఆ సైకిలు బొమ్మ కాస్త జాగ్రత్తయ్యా," అంది. అతని పేరు నర్సింహ. బోరబండ మనిషి, యాభై దాటినవాడు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు.

"ఫికర్ చెయ్యకుండ్రమ్మా," అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత, ఆదివారం పొద్దున, అదే నర్సింహ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. చేతిలో కవరుంది, బొమ్మలు లేవు.

"ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదమ్మా. డూపులు కాలుతుంటే డూపుల్లెక్కనే కొడుతున్నయన్నరు. అసలువే పెట్టమన్నరు. సారు గూడ ఆడనే ఉండె."

"మా ఆయనా?"

నర్సింహ తల దించుకున్నాడు. చేతిలో కవరు ముందుకు చాపాడు. "గిప్పుడు గా మంట తీసిన రీలు ల్యాబుల ఖరాబైందంట. తక్కినయన్ని మంచిగున్నయి. మంటొక్కటే మల్ల తియ్యాలె. దగ్గరి షాట్లల్ల మీ బొమ్మలే కనవడ్డయి గద, అచ్చం గట్లాంటియే గావాలె. సారు మీకు ఫోటోలిచ్చి రమ్మన్నడు."

కవర్లో ఐదు ఫోటోలున్నాయి. సైకిలు పట్టుకున్న నాన్న ఫోటోని ఆమె కళ్ళ దగ్గరికి తీసుకుంది. కింద మూలన తన సంతకం లేదు. దాని మీద రంగు పూసి 'కిరణ్' అని రాశారు. సినిమాలో హీరో పేరట. గట్టిగా అరవాలనిపించింది. అంతలో లోపల కుక్కరు కూత వేసింది. వెళ్ళి స్టవ్ ఆపి వచ్చింది. వచ్చేసరికి అరుపు పోయింది.

సాయంత్రం త్రినాథరావు, డైరెక్టరు గారు కలిసి వచ్చారు. ఈ ఇంట్లో వందల కాఫీలు తాగిన ఆ పెద్దమనిషి మొదటిసారి ఆమె మొహం చూసి మాట్లాడాడు. "హీరో గారి డేటు గురువారం ఒక్కటే ఉందమ్మా. మా సినిమా మీ చేతుల్లో ఉంది."

ఆమె భర్త వైపు తిరిగింది. "నాకు ముందు చెప్పలేదేంటండీ?"

"చెబితే ఇచ్చేదానివా?" అన్నాడాయన.

ఇంత నిజం ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. గియ్యనని అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పటికే త్రినాథరావు కోఠీ నుంచి తెప్పించిన పెట్టె మూత తీశాడు. రంగు ట్యూబులు, కొత్త బ్రష్షులు, టర్పెంటైన్. ఆ వాసన తగలగానే ఆమెకి కడుపులో ఆకలి లాంటిది లేచింది. నాన్నని కాల్చిన వాళ్ళు తెచ్చిన రంగులకి ఇలా నోరూరడమేమిటని తన మీద తనకే రోత పుట్టింది. అయినా సరేనంది.

ఆ మూడు రోజులూ ఇంట్లో జరిగిన వింతలు చెప్పుకోవాలి. ముందు గదిలో హార్మోనియం మేడ మీదికి పోయింది, ఉత్తరం కిటికీ పక్కన కాన్వాసు నిలబడింది. భోజనం హోటలు నుంచి క్యారియర్‌లో వచ్చింది. త్రినాథరావు స్వయంగా కాఫీ కలిపి తెచ్చాడు. పంచదార ఎక్కువైంది, ఆమె చెప్పలేదు. పదమూడేళ్ళుగా ఆయాసంతో బాధపడుతున్న సీతామహాలక్ష్మి గారు కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుని, "వాసనదేముందే, కిటికీలు తీసుకుంటే సరి. సినిమా పని, శ్రద్ధగా చెయ్యి," అన్నారు. వీధి తలుపు దగ్గర ఎవరైనా పిలిస్తే, "మా కోడలు పనిలో ఉంది," అని చెప్పి పంపించారు. స్కూలు నుంచి వచ్చిన కూతురు సంచీ దించకుండానే నిలబడిపోయింది. "అమ్మా, నీకు బొమ్మలొచ్చా?" అంది. పన్నెండేళ్ళ పిల్లకి తల్లి గురించి తెలియని విషయం అదొకటి ఉందన్నమాట.

మొదటిరోజు చెయ్యి మాట వినలేదు. పడవ గీస్తే చెక్కపెట్టెలా వచ్చింది. రెండోరోజు మధ్యాహ్నానికి మణికట్టుకి పాత సంగతులు జ్ఞాపకమొచ్చాయి. మూడోరోజు నాన్న సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆమెకి తప్పు కనపడింది. ఇరవై రెండేళ్ళప్పుడు గీసిన ఆ బొమ్మలో నీడ ఎండ ఉన్న వైపే పడింది. ఇన్నేళ్ళూ బ్రష్షు పట్టకపోయినా ఆమె కన్ను మాత్రం లోపల్లోపల పెరుగుతూనే ఉంది కాబోలు. సరిదిద్దబోతే, పని చూసిపోదామని వచ్చిన నర్సింహ నొచ్చుకుంటూ అడ్డం పడ్డాడు. "మార్చకుండ్రమ్మా. ఉన్న తప్పు ఉన్నట్టే రావాలె, లేకుంటే తెర మీద అతకది." దిద్దగలిగిన చేత్తో ఆమె తప్పుని తప్పుగానే గీసింది. అలా తెలిసి తెలిసి తప్పు గీస్తూ కూడా ఆమె సుఖపడింది. దానికి సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే ఇంకో ట్యూబు మూత తీసింది. తిండి తినమని పిలిస్తే వినపడలేదు. పొద్దు ఎప్పుడు వాలిందో తెలియలేదు. బుధవారం సాయంత్రానికి ఐదూ పూర్తయ్యాయి.

"సంతకం కూడా నువ్వే పెట్టెయ్యి నాగూ, చెయ్యి ఒకటే ఉంటుంది," అన్నాడు త్రినాథరావు. ఐదు బొమ్మల మీదా తన చేత్తో కిరణ్, కిరణ్ అని రాసింది. రాస్తూనే, తల ఎత్తకుండా అడిగింది.

"ఇదయ్యాక కూడా ఈ కిటికీ పక్కన నాకింత చోటు ఉంచుతారా? సిట్టింగులు లేని రోజుల్లోనే."

త్రినాథరావు ఆశ్చర్యపోయాడు. కోపం కాదు, నిజంగానే ఆశ్చర్యం. "ఇప్పుడెందుకే? ఇదేదో సినిమా అవసరమొచ్చి చేశాం గానీ. రేపటితో రీటేక్ అయిపోతుందిగా."

గురువారం పొద్దున, రేపన్నది వచ్చేసిందని అందరికంటే ముందు అత్తగారి ఊపిరితిత్తులకి తెలిసిపోయింది. "అమ్మాయ్, ఆ సీసాలు అటకెక్కించెయ్యవే. రాత్రంతా ఒకటే ఆయాసం," అన్నారామె. హార్మోనియం కిందికి దిగింది. వంటింట్లో మూడు రోజుల అంట్లు ఎదురుచూస్తున్నాయి. నాగేశ్వరి వాటి జోలికి పోలేదు. చీర మార్చుకుని వచ్చి, తనూ షూటింగుకి వస్తానంది.

"అక్కడేం చూస్తావే, ఎండా దుమ్మూ," అన్నాడు త్రినాథరావు. అని, మళ్ళీ ఏమనుకున్నాడో కారు తలుపు తీశాడు.

స్టూడియో వెనకాల బండరాళ్ళ మధ్య చదునైన చోట ఐదు బొమ్మలూ ఆనించి పెట్టారు. హీరో వెల్లచొక్కాలో వచ్చి నిలబడ్డాడు. ఎవరో నాగేశ్వరికి కుర్చీ వేశారు, ఆమె కూర్చోలేదు. నర్సింహ ఒక్కో బొమ్మ మీదా కిరోసిన్ చల్లుకుంటూ వచ్చి, సైకిలు బొమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆమె వైపు చూసి, దాని మీదా చల్లాడు. పరిగెత్తి వెళ్ళి లాక్కోవచ్చు. అలా చేస్తే మొగుడి పరువు, డైరెక్టరు డబ్బు, యాభైమంది రోజు కూలి, అన్నీ ఆమె మెడకే చుట్టుకుంటాయి. ఆమె కాళ్ళు ఆ లెక్కలన్నీ ముందే నేర్చుకున్న కాళ్ళు. కదల్లేదు.

పాట మొదలైంది. రంగులన్నీ ఊరికిచ్చి, అంటూ గిటారు రాళ్ళకి కొట్టుకుని తిరిగొచ్చింది. హీరో కాగడా విసిరాడు. ముందు చీరలు అంటుకున్నాయి. తర్వాత పడవ. మంట నాన్న మొహం మీదికి ఎక్కుతుంటే ఆమె చూపు తిప్పుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి కెమెరా వైపు చూస్తున్నారు. డైరెక్టరు గారి పెదవులు కదులుతున్నాయి.

త్రినాథరావు ఆమె చెవి దగ్గరికి వంగి, "ఈసారైనా ఓకే అయిపోవాలి నాగూ. అన్నవరం స్వామికి మొక్కుకో," అన్నాడు.

నాగేశ్వరి కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి, ఈ రీలు కూడా పాడైపోవాలని మొక్కుకుంది.