ఎడమచేతి నురగ

పక్షవాతం వచ్చి పెద్దన్న కుడిచెయ్యి పడిపోయి ఎనిమిది నెలలైంది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కోపమైతే అసలు ఎక్కడికీ పోనేలేదు. చెయ్యి ఒక్కటే మొండికేసింది. ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అంటే, "ఆశ నాది, వద్దనడానికి నువ్వెవరివయ్యా?" అని ఆయన్ని కూడా ఓ మాట అనేసి వచ్చాడు.

అన్నదమ్ములిద్దరిదీ నాలుగు కుర్చీల సెలూన్. అద్దం తలుపు పక్కనున్న మొదటి కుర్చీ పెద్దన్నది. ముప్ఫయ్యేళ్లుగా, మిగతా మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, గడ్డం గీయించుకోవడానికి జనం దాని కోసమే కాచుకుని కూర్చునేవారు. ఆయన గిన్నెలో బ్రష్ తిప్పుతుంటే చూడటమే ఒక ముచ్చట. గట్టిగా, మీగడలా లేచేది నురగ. చెంపకి పులిమి నాలుగంటే నాలుగు గీతలు గీసేసరికి గడ్డం మాయమయ్యేది.

గురువారం పొద్దున్న తమ్ముడు ఇంటికొచ్చాడు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు నసిగి, చివరికి కక్కేశాడు.

"సోమవారం మొదటి కుర్చీ విప్పించేస్తున్నా అన్నయ్యా. ఆ జాగాలో తల కడిగే సింకు పెడదాం."

"మరి నేను?"

"నువ్వు రోజూ రా. కూర్చో. వచ్చినవాళ్లని పలకరించు. పెద్దరికం ఎప్పుడూ నీదే."

"పలకరించడానికి నేనేమన్నా పంజరంలో చిలకనా? ఎడమచేత్తో గీస్తాను."

"అది కత్తి అన్నయ్యా. గాటు పడితే? మనల్ని నమ్మి మెడ అప్పగిస్తున్నారు జనం."

ఆ మాటలో తప్పేం లేదు. తప్పు లేదు కాబట్టే పెద్దన్నకి ఒళ్లు మండింది. "సోమవారం వస్తాను. ఈలోగా ఆ కుర్చీ ముట్టుకుంటే ఊరుకోను," అని తలుపు చూపించాడు. తమ్ముడు వీధి మలుపు తిరిగాక పెద్దన్న గోడకేసి తిరిగి ఏడ్చాడు. ఆ కుర్చీ పోతే తనలో పనివాడు పోయినట్టే. పనివాడు కాకపోతే తానెవరో ఆయనకి తెలియదు.

ఆయన భార్య ఇంట్లోనే చొక్కాలకి కాజాలు కుట్టే మనిషి. ఓదార్చడం ఆమెకి చేతకాదు. దారం పళ్లతో కొరికి, "ఏడవడం అయ్యాక చెప్పండి, బెలూన్లు ఎన్ని తేవాలో," అంది.

కొత్తగా కత్తి పట్టేవాళ్లు మనిషి ముఖం జోలికి పోకముందు, ఊదిన బెలూన్‌కి నురగ పూసి, పేలకుండా దాన్ని గీకడం నేర్చుకుంటారు. ముప్ఫయ్యేళ్ల క్రితం దాటొచ్చిన ఆ పాఠానికి పెద్దన్న మళ్లీ కూర్చున్నాడు. క్రీము ట్యూబు మూత పంటితో తిప్పాడు. గిన్నె జారిపోతుంటే తడి తువ్వాలు చుట్టి ఒళ్లో ఇరికించుకున్నాడు. గోరువెచ్చటి నీళ్లలో నానిన బ్రష్‌ని విదిలించి, క్రీము మీద తిప్పాడు. తిప్పగా తిప్పగా శుక్రవారం సాయంత్రానికి పాత నురగ లేచింది. బ్రష్ పైకి లాగితే ముక్కులా నిలబడే, అచ్చం తన నురగ.

"చూశావా? చెయ్యి మారినా నురగ మారలేదు!" అన్నాడు గర్వంగా.

బెలూన్‌ని మోకాళ్ల మధ్య ఇరికించి, నురగ పూసి కత్తి పెట్టాడు. అది ఢామ్మంది. శనివారం రాత్రికల్లా పదకొండు పేలాయి. పక్కింటావిడ గోడ మీద నుంచి తల పెట్టి, "ఎవరిదమ్మా పుట్టినరోజు?" అని అడిగింది.

"మా ఆయనది. రోజూ పుడుతున్నాడు," అంది భార్య.

ఆదివారం మధ్యాహ్నం పధ్నాలుగోది పేలి, నురగ ముక్కలు కుట్టిన చొక్కాల మీద పడ్డాయి. పెద్దన్న తన ఎడమచేతిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె సూది కింద పెట్టింది.

"ఒక మాట చెబుతాను, తిట్టకూడదు."

"తిడతాను. చెప్పు."

"మీరు గీకడం మొదలుపెట్టిన చోట ఒక్కటీ పేలలేదు. అన్నీ చివర్లోనే పేలాయి. మీరు అక్కడికి వచ్చేసరికి నురగ ఎండి అట్ట కడుతోంది. చేతిని ఎందుకు తిడతారు, పాపం?"

తిట్టడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోటితోనే పగిలిన రబ్బరు ముక్కని వేలితో తడిమాడు. బరబరలాడుతోంది. అంతే! ఆ గట్టి నురగ కుడిచేతి కోసం పుట్టింది. నాలుగు గీతల్లో పని ముగించే చేతికి అది చాలు. ఈ చేతికి నలభై గీతలు పడతాయి. పనితనం అంతా అరిగించుకుని, ఇంత చిన్న సంగతి తట్టలేదు ఆ మహానుభావుడికి. తట్టలేదనడం కూడా అబద్ధమే. నురగ మార్చడమంటే, ఆ చెయ్యి ఇక రాదని ఒప్పుకోవడం. అందుకే మనసు అటు పోలేదు.

చాలాసేపు ఒళ్లో ఉన్న కుడిచేతిని చూస్తూ కూర్చున్నాడు. ఎడమచేత్తో దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. 

"రాకపోతే పోనీ, దానికే పొగరుంటే నాకు లేదా?" అన్నాడు.

ఈసారి క్రీము ఎక్కువ తీసుకున్నాడు. వేళ్లు ముంచి నీళ్లు చిలకరించడం, తిప్పడం, మళ్లీ చిలకరించడం. మొదట సబ్బునీళ్లలా పెద్ద పెద్ద బుడగలొచ్చాయి. పాతరోజుల్లో అలాంటిది పారబోసేవాడు. ఇప్పుడు ఆపకుండా తిప్పాడు. భుజం లాగేసినా తిప్పాడు. బుడగలన్నీ మెల్లగా అణిగి, నురగ నున్నగా, మెరుస్తూ, జారుడుగా తయారైంది. జారుతుంది కానీ కారదు. భార్య పట్టుకున్న బెలూన్‌కి పులిమి గీశాడు. మధ్యలో ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ గీశాడు. నురగ తడిగానే ఉంది. చివరికి నున్నటి ఎర్రటి బెలూన్ ఆమె చేతుల్లో మిగిలింది. ఆమె ఇంకోటి ఊదింది. చీకటి పడేలోపు పేలకుండా అయిదు మిగిలాయి.

సోమవారం ఆయన వెళ్లేసరికి ఫిట్టరు మొదటి కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పానా తీస్తున్నాడు. బెంచీ మీద నలుగురు కాచుకుని ఉన్నారు.

"లే," అన్నాడు పెద్దన్న. ఫిట్టరు లేచాడు. ఆ గొంతుకి ఎవరైనా లేస్తారు.

"నీ గడ్డానికి వారమైనట్టుందే. కూర్చో."

ఫిట్టరు రెండు చేతులతో చెంపలు కప్పుకున్నాడు. "నాకింకా రెండు చోట్ల పనుంది బాబాయ్!"

పెద్దన్న బెంచీ వైపు చూశాడు. ఒకడు చెప్పుల కోసం వంగాడు. ఒకడికి ఫోనొచ్చింది, మోగకుండానే. మిగతా ఇద్దరూ గోడ గడియారాన్ని కళ్లార్పకుండా చూశారు. వాళ్లందరి ముఖాలూ ఆయన చేతి కింద నున్నబడినవే. అవమానంతో చెవులు కాలిపోయాయి. అయినా బతిమాలలేదు. గిన్నెకి తువ్వాలు చుట్టి, బల్ల అంచుకి పొట్టతో అదిమిపెట్టి, బ్రష్ తిప్పడం మొదలుపెట్టాడు.

"ఎవరికన్నయ్యా అది?" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"కూర్చునేవాడికి."

"ఎవరూ కూర్చోవట్లేదు కదా."

"సాయంత్రం దాకా తిప్పుతాను. రేపూ తిప్పుతాను. కుర్చీ విప్పితే నేల మీద కూర్చోబెట్టి గీస్తాను."

తమ్ముడు దగ్గరికొచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. నుదురు ముడిపడింది. "ఇది మన నురగ కాదే! నీళ్లెక్కువ."

"మనది కాదు. నాది. చెయ్యి నిదానం. అందుకని ఇది ఆగుతుంది."

తమ్ముడూ పనివాడే. కాస్త నురగ తీసి ముంజేతికి రాసుకుని నిలబడ్డాడు.  అయిదు నిమిషాలయ్యాక వేలితో తడిమాడు. ఇంకా జారుతోంది. అన్న ముఖం చూడకుండా, "గాటు పడితే?" అన్నాడు.

"పడితే నీకే కదా పడేది. ఊరికి కాదుగా."

తమ్ముడికి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఫిట్టరుని పక్కకి జరగమని, కాలరు బొత్తం విప్పుకుని, మొదటి కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు. పెద్దన్న నురగ పులిమి, కత్తి తీశాడు. చర్మం బిగించి పట్టడానికి రెండో చెయ్యి లేదు. ఒక్క క్షణం ఆగాడు.

"అన్నయ్యా, నెమ్మదిగా..."

"నాకు పని నేర్పకు. ఆ చెంప నువ్వే లాగి పట్టుకో."