పన్నెండు ఆదివారాల సంగటి

కదిరి బస్టాండులో కేశవ కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పేది ఆయనే. రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆ డ్రైవరుకు ఏడు తరాల వాళ్ళూ గుర్తొచ్చేలా మాట్లాడతాడు. నలభై ఎనిమిదేళ్లు నిండినా పెళ్లి కాలేదు, ఆ మాట ఎత్తడం చుట్టాలు కూడా మానేశారు.

వారంలో ఆరు రోజులు మెస్సు భోజనం. ఆదివారం మాత్రం తన గది ముందున్న వరండాలో గ్యాసు పొయ్యి పెట్టుకుని కేశవ మహారాజైపోతాడు. తెల్లవారగానే చెనక్కాయ గింజలు వేయించి, చాటలో పొట్టు ఎగరేసి, పచ్చిమిరపకాయలతో కలిపి చిన్న రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతాడు. నాటుకోడి పులుసు పెడతాడు. ఆ వాసనకు పక్కింటి పిల్లి గోడెక్కి కూర్చుంటుంది. చివరగా రాగి సంగటి. తినడానికి తనతో పాటు ఇద్దరు వస్తారు: డ్రైవరు ఓబుళేసు, బస్టాండు ముందు మల్లెపూలమ్మే ఆంజినప్ప.

కేశవ పులుసుకు వంక పెట్టలేం, ఊరిబిండికి అసలే పెట్టలేం. చిక్కంతా సంగటితోనే. లోకంలో ఎవరైనా సంగటిని నమలకుండా మింగుతారు. కేశవ చేసిన సంగటి మాత్రం నమలక తప్పదు, ముద్ద ముద్దలో ఉడకని పిండి ఉండలు తగులుతాయి. పన్నెండు నిమిషాలు మూత తీయకూడదని ఫోనులో వీడియో చూసే నేర్చుకున్నాడు. అలారం కూడా పెట్టుకుంటాడు. కానీ ఏదైనా కదలకుండా ఒకచోట నిలబడితే ఆయన ప్రాణం ఊరుకోదు. నాలుగో నిమిషానికే మూత తీసి కట్టెతో కలబెట్టేస్తాడు.

అయినా పన్నెండు ఆదివారాలుగా ఆ ఇద్దరూ బ్రహ్మాండం అంటూనే ఉన్నారు. తక్కువ తింటున్నారంటే అది తన పులుసు ఘాటే అని కేశవ మురిసిపోయాడు. పాపం, మనిషన్నాక ఎక్కడో ఒకచోట గుడ్డివాడు కావాలి.

పదమూడో ఆదివారం కొత్తిమీర అయిపోయి వీధి చివరకు వెళ్లాడు. అక్కడ రామలక్ష్మమ్మ ఉగ్గాని బండి ఉంది. ఆమె ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతూ ఆయన్ను చూసి, పొట్లం కట్టమంటావా అని అడిగింది. వద్దక్కా, ఇంట్లో వంట చేస్తున్నానన్నాడు.

"మీవాళ్ళిద్దరూ ఇప్పుడే తిని పోయినారప్పా. ఆదివారం వస్తే చాలు, చెరో ప్లేటు ఉగ్గాని, రెండేసి బజ్జీలు. మధ్యాన్నం కేశవన్న ఇంట్లో భోజనం ఉండాది, ముందే తినాల అంటారు."

ఆమెకు ఏ పాపమూ తెలియదు. కేశవకు మాత్రం ముందు సిగ్గు వచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది. ఆ రెంటి కింద ఇంకొకటి ఉంది, అది భయం. సంగటి పోతే పోయింది. ఆ ఇద్దరూ రావడం మానేస్తే ఆదివారం కూడా మెస్సులో ఒంటరిగా తిన్నట్టే కదా.

తల వంచుకునే అడిగాడు, సంగటి ఎట్లా చేయాలని. తాను చేసే పద్ధతి కూడా దాచకుండా చెప్పాడు. రామలక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేక బండి పట్టుకుంది.

"పిండేమన్నా బస్సా, విజిలేస్తే కదిలేకి? ఉడికే నూకల మీద పిండి కుప్ప పోసి, నడిమధ్య కట్టెతో బొక్క పెట్టి, మూతేసి ఆడ్నుంచి లేచి పో. గడియారం చూడద్దు. వాసనే పిలుస్తుంది."

ఇంటికొచ్చి వాచీ విప్పి ఫోనుతో పాటు దిండు కింద పెట్టాడు. వాళ్లు ఎలాగూ తిని వచ్చేవాళ్లే, ఈరోజు వంట నా ఒక్కడి కోసమే అని పౌరుషంగా అనుకున్నాడు. పిండి పోసి మూత పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. రెండుసార్లు లేవబోయి రెండుసార్లూ కూర్చున్నాడు. దూరంగా ధర్మవరం బస్సు హారను వినిపించింది. అది లేటని ఖచ్చితంగా తెలుసు, అయినా కదల్లేదు.

అప్పుడు వచ్చింది వాసన, కమ్మగా, మట్టికుండ అడుగు కాలినట్టు. గిన్నెను దించి, గుడ్డ చుట్టి, రెండు పాదాల మధ్య బిగించి కట్టెతో కలబెట్టాడు. పిండంతా ఒక్క ముద్దగా తిరిగింది. తడి చేత్తో ఉండ చేసి, గుంట పెట్టి, పులుసు పోసుకుని ఒక్కడే తిన్నాడు. గొంతు దాటినట్టు కూడా తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే మిరపకాయల మీదకు నెట్టేశాడు.

ఒంటిగంటకు అతిథులు వచ్చారు. గుమ్మంలోనే బ్రహ్మాండం అన్నారు, ఇంకా వడ్డించనే లేదు. కేశవ చెరో రెండు పెద్ద ముద్దలు పెట్టాడు. ఆంజినప్ప అలవాటు కొద్దీ నమలబోయాడు, నోట్లో నమలడానికి ఏమీ లేదు. ఓబుళేసు వైపు చూశాడు. ఓబుళేసు అప్పటికే రెండో ముద్ద తుంచుతున్నాడు. కానీ కడుపులో ఉగ్గాని, బజ్జీలు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాయి, ఇంకొకరికి చోటివ్వవు. ఓబుళేసు బెల్టు వదులు చేశాడు. ఆంజినప్ప ముద్దను దిగులుగా చూస్తూ కూర్చున్నాడు.

"ఉగ్గాని బాగుండెనా?" అన్నాడు కేశవ మెల్లగా.

ఆంజినప్ప వేళ్లు నాకుతూ ఆకాశంలో ఏదో వెతికాడు. చివరికి ఓబుళేసే ఒప్పుకున్నాడు, మూడో వారం నుంచీ తినే వస్తున్నామని.

"బాగలేదని చెప్పకూడదా? రాకుండా ఉండకూడదా?" అన్నాడు కేశవ.

"సంగటి కోసమే అయింటే రెండో వారమే మానుకుంటాంటిమి అన్నా," అన్నాడు ఓబుళేసు తలెత్తకుండా. "నీ కోసం వస్తాండాం."

కేశవ గరిటె తీసుకుని అడగకుండానే ఇద్దరికీ పులుసు పోశాడు. వాళ్లూ వద్దనకుండా నానా అవస్థ పడి తిన్నారు. మిగిలింది ఆంజినప్ప పూలబుట్టలో పెట్టుకుపోయాడు.

మరుసటి ఆదివారం పదకొండుకే ఇద్దరూ దిగబడ్డారు, ఖాళీ కడుపులతో. రామలక్ష్మమ్మ బండి వైపు కన్నెత్తి చూడలేదట. పొయ్యి మీద గిన్నెకు మూత ఉంది. కేశవ మెట్ల మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఓబుళేసు ఆగలేక, ఇంకా ఎంతసేపన్నా అంటూ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"టైము తెలీదప్పా," అన్నాడు కదిరి బస్టాండు కంట్రోలరు. "వచ్చి ఈడ కూచో."