గేషె హోటల్లో పదహారు కిలోలు

మా ఆయన ఐలర్ట్ ఏటా పుట్టినరోజు నాడు వంద కిలోలు ఎత్తుతాడు. మా ఊరి బరువుల సంఘానికి పాత బడి కింద ఒక నేలమాళిగ ఉంది. అక్కడ బెంచీ మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీది నుంచి ఇనప కడ్డీని పైకి తోసి, లేచి కూర్చుని, "ఇంకో ఏడాది గ్యారంటీ" అంటాడు. ఆ మాట అనుకోవడానికే ఆ తిప్పలన్నీ. వాళ్ల నాన్న అరవై దాటగానే కిటికీ పక్క కుర్చీలో కూలబడి, పోయేదాకా అందులోనే ఉన్నాడు. ఆ కుర్చీ అంటే ఈయనకి దడ.

మొన్న నవంబరులో అరవై ఒకటి నిండాయి. బ్రెమెన్‌లో ఉండే మా అమ్మాయి హిల్కె, "ఈసారి మా జిమ్‌కి రా నాన్నా, అందరికీ నిన్ను చూపిస్తాను" అంది. వెళ్లాం. గోడల నిండా అద్దాలు, చెవులు చిల్లులు పడే పాటలు. వంద పెట్టించుకుని పడుకున్నాడు. కడ్డీ దిగింది గానీ లేవలేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆయన మీంచి తీశారు. తొంభైకీ అదే వరస. చివరికి ఎనభై అయిదు లేచింది.

"ఈ వయసుకి ఎనభై అయిదంటే మాటలా నాన్నా?" అంది హిల్కె, ధైర్యం చెబుదామని. ఆ 'ఈ వయసుకి' పోయి సరిగ్గా తగలకూడని చోట తగిలింది.

నేను ఇంకో సంగతి చూశాను. అక్కడ ఇరవై కిలోల బిళ్ల అందించబోతే నా చెయ్యి జారి, కాలి బొటనవేలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. మా మాళిగని ఏటా కడిగేది నేనే. అక్కడి ఇరవై బిళ్లని చంకలో ఇరికించుకుని రెండో చేత్తో చీపురు పడతాను. కారెక్కాక ఆ మాటే అన్నాను.

"నువ్వూ ముసలిదానివైపోయావు ఫెన్నా, అంతే" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ముసలివాడైతే అవనీ, మధ్యలో నన్నెందుకు లాగడం?

ఇంటికొచ్చాక మనిషి మారిపోయాడు. మాళిగకి వెళ్లడం మానేశాడు. తన చేత్తో కట్టుకున్న పడవ అమ్మకానికి ఉందని బేకరీ తలుపు పక్కన కాగితం అంటించాడు. అన్నిటికంటే ఘోరం, ఒక్క కప్పు టీ తాగి లేచిపోయేవాడు. మా వైపు మూడు కప్పులు తాగకుండా లేస్తే డాక్టర్ని పిలుస్తారు. ఒక రోజు బజారు నుంచి వచ్చేసరికి, మామగారి కుర్చీ అటక మీంచి దిగి కిటికీ పక్కకి చేరింది. నాకు నిజంగా భయం వేసింది.

తిన్నగా మాళిగకి పోయి సంఘం వాళ్లని నిలదీశాను. "బ్రెమెన్ వందకీ మన వందకీ తేడా ఎందుకొచ్చింది?"

"చెమ్మగాలి వల్ల" అన్నాడొకడు. "అక్కడి బెంచీ మెత్తనిదై ఉంటుంది" అన్నాడు ఇంకొకడు.

అధ్యక్షుడు మెన్నో గొంతు సవరించుకున్నాడు. "అద్దాల వల్లే. అద్దం ముందు మనిషి ఇద్దరవుతాడు. బరువుతో పాటు రెండోవాణ్ణి కూడా ఎత్తాలి గదా."

"ఆ తెలివితేటలు తర్వాత. ఒక బిళ్ల తూచి చూద్దాం."

మెన్నో మొహం మాడిపోయింది. ఆ బిళ్లలు వాళ్ల నాన్న తన కొలిమిలో స్వయంగా పోత పోసి, 20 అని అచ్చు కొట్టినవి. "మా నాన్న చేతి పనిని తూకం వేస్తావా? రేపు గోడ మీది రికార్డులన్నీ ఏమవుతాయి? మన నిబంధనల్లో తూకమనే మాటే లేదు, తెలుసా?"

నిబంధనల్లో లేని పనులు చెయ్యడానికే దేవుడు ఆడవాళ్లని పుట్టించాడు.

జనవరిలో, కేల్ అనే చలికాలపు ఆకుకూర కోసం ఏటా చేసే కేల్‌కూర నడక వచ్చింది. సారా సీసాలు పెట్టుకున్న తోపుడు బండిని లాక్కుంటూ, గడ్డకట్టిన పొలాల వెంబడి సంఘమంతా గేషె అనే ఆవిడ నడిపే హోటల్ దాకా నడుస్తాం. వెళ్లగానే అందరం ఆలుగడ్డల కాటా ఎక్కి తూచుకుంటాం. కేల్‌కూర, సాసేజీలు తిన్నాక మళ్లీ ఎక్కుతాం. ఎవరి బరువు ఎక్కువ పెరిగితే ఆ ఏడు వాళ్లే కూర రాజు, మెడలో పంది దవడ ఎముక. మూడేళ్లుగా అది మెన్నో మెడలోనే ఉంది. ఐలర్ట్ రానంటే, బండి లాగడానికి నాకు నడుం సహకరించదని ఏడుపు మొహం పెట్టి లాక్కొచ్చాను.

తీరా బండి లాగింది మెన్నో. "ఏంటే ఫెన్నా, ఇంత బరువుంది? సీసాలు ఎక్కువ పెట్టావా?" అని దారంతా రొప్పాడు.

హోటల్లో అందరూ తూచుకున్నాక, సీసాల అడుగున దుప్పటిలో చుట్టి దాచిన మాళిగ బిళ్ల తీసి కాటా మీద పెట్టాను. ముల్లు పదహారు దాటి, కాస్త ఊగి, పదహారుంపావు దగ్గర ఆగింది. అందరూ కాటా చుట్టూ మూగారు.

"కాటా చెడిపోయింది" అన్నాడు మెన్నో.

గేషె కూర గిన్నెతో అప్పుడే వంటింట్లోంచి వస్తోంది. గిన్నె దించలేదు. "ఏమన్నావ్? ఏటా సర్కారు వాళ్లొచ్చి ముద్ర వేసే కాటా అది. మూడేళ్లు నిన్ను రాజుని చేసింది కూడా అదే. చెడిపోయిందంటావా, ముందు ఆ దవడ ఇటు తీసివ్వు. ఈ గిన్నె కూడా వెనక్కి పట్టుకుపోతాను."

మెన్నో చెయ్యి దానంతటదే మెడలోని దవడ ఎముక మీదికి పోయింది. కాటా తప్పంటే రాజ్యం పోతుంది, ఒప్పంటే నాన్న పరువు పోతుంది. కక్కలేడు, మింగలేడు. పైగా ఎదురుగా కూర చల్లారిపోతోంది.

మావాళ్లకి ఏమీ తోచకపోతే సమావేశం పెడతారు. మెన్నో చెంచాతో గ్లాసు మీద కొట్టి, అత్యవసర సర్వసభ్య సమావేశం మొదలైందన్నాడు. తీర్మానం కూడా తనే చెప్పాడు. "ఈ బిళ్ల గేషె హోటల్లో పదహారుంపావు కిలోలు. మన మాళిగలో ఇరవై. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

కూర వాసనకి చేతులు టపటపా లేచాయి.

"వ్యతిరేకం?"

ఐలర్ట్ ఒక్కడే చెయ్యెత్తాడు.

"ఆలోచించుకోరా" అన్నాడు మెన్నో మెల్లగా. "ఇది పదహారైతే నీ వంద కూడా గోడ మీంచి పోతుంది."

ఐలర్ట్ వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు. "కడ్డీ కొన్నదే, అది ఇరవై. నాలుగు బిళ్లలూ కలిపితే అరవై అయిదు." తలెత్తాడు. "ఇన్నేళ్లూ నేను ఎత్తింది ఎనభై అయిదన్నమాట."

బాగుచేద్దామని వచ్చి ఉన్నది కూడా ఊడగొట్టానా అనుకున్నాను.

"నేనెప్పుడూ అంత బలవంతుణ్ణి కాదు" అన్నాడు. ఉన్నట్టుండి బల్ల మీద గుద్దాడు. "కానీ తగ్గలేదురా మెన్నో! కుర్రతనంలో ఎనభై అయిదు, మొన్న బ్రెమెన్‌లో ఎనభై అయిదు. ఒక్క కిలో తగ్గలేదు! వందని తీసుకెళ్లి మీ నాన్న కొలిమిలోనే పారేసుకో. గేషె, ఆ గిన్నె ఇలా తే!"

రెండు నెలల ఆకలి ఒక్కపూటలో తీర్చుకున్నాడు. మళ్లీ కాటా ఎక్కితే దరిదాపుల్లో ఎవరూ లేరు. గేషె దవడ ఎముక తీసి ఆయన మెడలో వేసింది.

"మాళిగలో తూచి ఉంటే నేనే గెలిచేవాణ్ణి" అని గొణిగాడు మెన్నో.

తిరుగు దారిలో బిళ్లని మాళిగలో పెట్టడానికి ఐలర్ట్ చంకనేసుకుని మెట్లు దిగాడు. "మెట్టు మెట్టుకీ బరువెక్కుతోందేమే?" అన్నాడు.

"తీర్మానం పాసయింది గదా మరి."

పైకొచ్చి మాళిగ తలుపు వేశాడు. తర్వాత, "ఫెన్నా, అప్పట్లో నేను వంద ఎత్తడం చూసే కదా పెళ్లికి ఒప్పుకున్నావు?" అన్నాడు.

"కడ్డీ దించాక నీ మొహం బీట్‌రూట్‌లా అయింది. వీణ్ణి ఇంకెవరూ చేసుకోరని జాలిపడ్డాను."

నవంబరు తర్వాత ఆయన నవ్వడం అప్పుడే విన్నాను. దాటిపోతూ బేకరీ దగ్గర ఆగి, పడవ కాగితాన్ని గోటితో గీకి పీకేశాడు. ఇంటికి రాగానే కుర్చీని అటకెక్కించాడు. ఆ సాయంత్రం మూడో కప్పు కూడా తాగాకే లేచాడు.