ఆరు దాటాక ఫోను ఎవరెత్తాలి

మిమ్మల్నే. "ఫోను ఎత్తడం కూడా ఒక పనేనా" అన్నవాళ్లు మీరే కదా. పొద్దున్న లేచింది మొదలు ఒకావిడ చెవిని, గొంతుని, ఓపికని వాడుకుని, నలుగురిలో కాలు మీద కాలేసుకుని "మాకు ఆఫీసంటూ ఏమీ లేదండీ, ఇంటి నుంచే నడిచిపోతుంది" అని చెప్పుకున్నవాళ్లూ మీరే. నడిచిపోతుందట. దానికేమైనా కాళ్లున్నాయా? ఎవరి కాళ్ల మీద నడుస్తోందో ఎప్పుడైనా వంటింటి వైపు తల తిప్పి చూశారా? చూడలేదు. చూసి ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే కాంట్రాక్టరు. అపార్టుమెంట్లు, చిన్నాచితకా ఆసుపత్రులు, బట్టల కొట్లు, అన్నీ అతనే చూస్తాడు. చేతికింద మెకానిక్కులున్నారు. ప్రతి లిఫ్టులోనూ మీటల పక్కన ఒక స్టిక్కరు, దాని మీద "ఆఫీసు" అని ఒక నంబరు. ఆ ఆఫీసు గ్యాసు పొయ్యికీ సింకుకీ మధ్యన ఉంటుంది. ఏ బిల్డింగుకి సర్వీసు ఎప్పుడు పడుతుందో గుర్తుంచుకుని ముందుగా కబురు చేయడం, మెకానిక్కుల్ని పంపడం, రాలేదన్నవాళ్ల చేత తిట్లు తినడం, వచ్చి సరిగ్గా చేయలేదన్నవాళ్ల చేత ఇంకోసారి తినడం, బిల్లులు పంపడం, అన్నీ ఆ ఆఫీసులోనే జరుగుతాయి. ఒక చేతికి సబ్బు నురగ, రెండో చేతిలో ఫోను. స్నానానికి వెళితే సబ్బుపెట్టె పక్కన ఫోను. తలుపు వేసుకుని, ఒళ్లు తడుపుకుని, "ఆ, చెప్పండి సార్" అనడం ఆమెకి అలవాటైపోయింది.

ఆ పనుల్లో ఒకటి మాత్రం వేరు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్లు ఫోను చేసేది కూడా ఆ నంబరుకే. మెకానిక్కు ట్రాఫిక్కు దాటుకుని వచ్చేదాకా ఆ మనిషిని పట్టుకుని ఉండాలి, ఉత్త గొంతుతో. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు. "భయపడకండి" అంటే లేని భయం కూడా పుట్టుకొస్తుందని తనే కనిపెట్టింది. చెప్పులు విప్పి కింద కూర్చోమంటుంది. సంచిలో ఏం కొనుక్కెళుతున్నారని అడుగుతుంది. ఇంటికెళ్లగానే ముందు ఏం చేస్తారని అడుగుతుంది. ఒకాయన వెక్కుతూ వెక్కుతూ చిన్నప్పుడు పెంచుకున్న కుక్క కథంతా చెప్పాడు. కుక్క తప్పిపోయిన చోటికి కథ వచ్చేసరికి తలుపు తెరుచుకుంది, ఆయన టక్కున ఫోను పెట్టేశాడు. ఆ కుక్క దొరికిందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఈలోపు పొయ్యి మీద కూర మాడింది. "ముక్కు ఏం చేస్తోందమ్మాయ్, అదీ ఫోన్లోనే ఉందా?" అన్నారు అత్తగారు.

కూతురు పుట్టిన రోజునా అంతే. నొప్పులు మొదలై ఆసుపత్రి మంచం ఊచ పట్టుకుని ఉంటే ఫోను మోగింది. ఎవరో ఇరుక్కున్నారు. పంటి బిగువున "తలుపు లాగకండి, కూర్చోండి" అని చెప్పింది. భర్త ఈ ముచ్చటని ప్రతి విందులోనూ చెబుతాడు. "మా ఆవిడ నొప్పులు పడుతూ కూడా లిఫ్టు తలుపు లాగొద్దనే అందండీ." అందరూ పడీపడీ నవ్వుతారు. ఆమె కూడా నవ్వేది. ఆ రోజు ఫోను ఆమె చెవికి ఆనించి పట్టుకున్న చెయ్యి ఎవరిదని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అతనిదే.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని భర్త అన్నాడు, "ఇక నీకు హాయే. ఒకమ్మాయిని పెట్టాను. ఎక్కడో వేరే ఊళ్లో వాళ్లింట్లోనే కూర్చుని మన రొటీన్ పనంతా కంప్యూటర్ మీద చేసిపెడుతుంది. మా ఫ్రెండు కూడా అలాగే పెట్టుకున్నాడు. చిల్లర పనులు దూరంగా ఎవరికైనా అప్పజెప్పి మనం వ్యాపారం పెంచుకోవడం మీద బుర్ర పెట్టాలట. నువ్వు కాస్త కూర్చుని నేర్పితే చాలు."

"ఫోను ఎత్తడం నేర్పాలంట్రా?" అన్నారు అత్తగారు.

ఆమె అతని కంచంలో పెరుగు వేసింది. లోపల మాత్రం ఏదో తేలికైంది. ఆమెకి పెద్ద కోరికలేం లేవు. వీధి మలుపు దాటితే రైలు పట్టాల పక్కనుంచి పొడుగాటి రోడ్డు పోతుంది. సాయంత్రం పూట ఆ రోడ్డు మీద, చేతిలో ఫోను లేకుండా, దీపస్తంభాలు అయిపోయేదాకా నడవాలి. ఎవరికీ జవాబు చెప్పకుండా నడవాలి. అంతే. వినడానికి ఇదేం కోరిక అనిపిస్తుంది. కానీ పెళ్లయ్యాక ఒక్క సాయంత్రమైనా తనది అనుకోవడానికి లేని మనిషికి అది ఎంత పెద్దదో అలాంటివాళ్లకే తెలుస్తుంది. పాత చెప్పులు అడుగు అరిగిపోయాయని కొత్తవి కూడా తెచ్చుకుంది.

దూరాన ఉన్న ఆ పిల్ల చురుకైనది. అత్తగారు అప్పుడే ఆ పిల్లకి "ఫోను పిల్ల" అని పేరు పెట్టేశారు. నేర్పుతున్నప్పుడు మధ్యమధ్యలో ఏవో అడిగేది.

"మేడమ్, మీ డ్యూటీ టైమింగ్స్ ఏంటి?"

"మెలకువగా ఉన్నంతసేపూ."

"మీ తర్వాత ఎవరు చూస్తారు?"

"నా తర్వాతా నేనే."

"సెలవు పెడితే?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే జ్వరం గుర్తొచ్చింది. ఒళ్లు కాలిపోతుంటే దుప్పటి కప్పుకుని, ఈ ఒక్కరోజు ఫోను మీరు చూసుకోండని భర్తని అడిగింది. "ఫోను ఎత్తడానికి కాళ్లూ చేతులూ కావాలా? పడుకునే మాట్లాడొచ్చుగా" అన్నాడు. నిజమే కదా అనుకుంది అప్పుడు. అది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్లు మండేది. అతనన్నందుకు కాదు, నిజమే కదా అని తను అనుకున్నందుకు.

పని ఆ పిల్ల చేతికి వెళ్లింది. ఆ రోజు మధ్యాహ్నమే అత్తగారు మోకాళ్లు చాపుకుని పిలిచారు. "ఇప్పుడు ఖాళీయేగా అమ్మాయ్, కాస్త నూనె రాయి." మర్నాటి నుంచి మరిది పిల్లల లెక్కలు. "ఖాళీయేగా వదినా." ఖాళీ అనేది ఒకటి ఆ ఇంట్లో పుట్టీ పుట్టకముందే అందరికీ ఎలా కనబడిపోయిందో. సరే, సాయంత్రాలైనా మిగిలాయి కదా అనుకుంది. కొత్త చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోయింది. ఆమె ఫోను మోగింది. పాత స్టిక్కరు నంబరుకి వచ్చిన ఫోనే.

"ఇది నాకెందుకు వస్తోంది?" అంది.

"ఆరు దాటింది కదా," అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఆవిడ ఆరింటిదాకానే చేస్తారు. ఆదివారం చేయరు. ముందే చెప్పారు పాపం. ఆవిడకి మాత్రం ఇల్లూ వాకిలీ ఉండవా? అందుకే ఆరు దాటితే నీకు వచ్చేలా పెట్టించాను."

ఆవిడ. చేస్తారు. చెప్పారు. పాపం. ఒక్కో మాటా గులకరాయిలా తగిలింది. ముఖం కూడా చూడని పిల్లకి ఇన్ని మర్యాదలు. ఆ పిల్ల మీద ఆమెకి కోపం లేదు, ఆ మర్యాద ఆ పిల్లకి రావలసిందే. కానీ ఇన్నేళ్లూ ఇతని దగ్గర మర్యాదనేదే లేదేమో, ఉన్నదంతా ఇంతేనేమో అనుకుని సరిపెట్టుకుంది. అది నిండుగా ఉందనీ, తన దాకా రావడానికే దానికి దారి లేదనీ ఇప్పుడు తెలిసింది. లేదనుకుని బతకడం వేరు. ఉండి కూడా తనకి పెట్టలేదని తెలిశాక బతకడం వేరు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, "ఆ, చెప్పండి సార్" అంది.

ఒక వారం ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదు. బట్టలు మడతపెడుతూ తలుపు వెనక నిలబడి ఆమె విన్నది. భర్త గొంతు ఎంత మెత్తగా ఉందో. "రెస్టు తీసుకోండమ్మా. పని ఎక్కడికీ పోదు." ఎక్కడికీ పోదు, నిజమే. తిన్నగా వంటింట్లోకి వచ్చింది. అంతే.

ఆ పిల్ల కోలుకుని వచ్చాక ఒకనాటి పగలు కంగారుగా ఫోను చేసింది. "మేడమ్, ఆసుపత్రి లిఫ్టులో ఒక పెద్దావిడ ఇరుక్కున్నారు. ఏడుస్తున్నారు. సార్‌ని అడిగితే, 'ఏముంది, మాట్లాడుతూ ఉండండి' అంటున్నారు. ఏం మాట్లాడాలి మేడమ్?"

"నన్నూ కలుపు," అంది. కలిసి మాట్లాడారు. పెద్దావిడ మనవరాలికి అల్లుతున్న స్వెట్టరు రంగు దగ్గర మొదలుపెట్టి, మాటల్లోనే చేతుల దాకా అల్లేసరికి మెకానిక్కు వచ్చాడు. ఆవిడ బయటపడింది. 

సాయంత్రం పని ముగించే ముందు ఆ పిల్ల మళ్లీ చేసింది.

"మేడమ్, ఇది నావల్ల కాదని సార్‌కి చెప్పేశాను. నాకు గుండె దడ ఇంకా తగ్గలేదు. ఇది రొటీన్ పని కాదు సార్, చాలా కష్టమైన పని, దీనికి వేరే మనిషి ఉండాలన్నాను. సార్ వెంటనే ఒప్పుకున్నారు. నిజమేనండీ, అందరివల్లా అయ్యే పని కాదది అన్నారు."

"ఒప్పుకుని?"

"ఇరుక్కున్నవాళ్ల ఫోన్లు పగలైనా సరే మీకే వచ్చేలా పెట్టమన్నారు." ఆ పిల్ల తడబడింది. "మీకు చెప్పారనుకున్నాను. మీరు కుదరదని అనలేదా మేడమ్?"

అనలేదు. ఎన్నడూ అనలేదు. ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కష్టమైన పని అని అతనికి తెలుసు. అందరివల్లా కాదని కూడా తెలుసు. తెలియక చేయిస్తున్నాడనే ఇన్నాళ్లూ అనుకుంది, ఆ అనుకోవడం మీదే కాపురమంతా లాక్కొచ్చింది. అమాయకుడు, మగవాడు, ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అని. తెలుసట. పరాయి ఆడపిల్ల ఒక్కసారి చెబితే వెంటనే ఒప్పుకునేంత బాగా తెలుసట. తెలిసీ తన నెత్తినే పెట్టాడు, ఎందుకంటే తను కాదనదు.  అటువైపు నుంచి ఆ పిల్ల మెల్లగా అంది, "అక్కా, ఉన్నారా?"

మేడమ్ కాస్తా అక్క అయింది. ఆ ఒక్క పిలుపుకి కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేసింది కూడా.

"ఫోను ఎవరికి వెళ్లాలో మార్చేది నువ్వేగా?" అంది చివరికి.

"ఔనక్కా. కానీ సార్ చెప్పకుండా నేను మారిస్తే..."

"నువ్వు మార్చొద్దు. నీ ఉద్యోగం మీదికి నేను తేను. ఎలా మార్చాలో నాకు నేర్పు. మార్చేది నేనే."

అంతవరకూ ఆమె నేర్పింది, ఆ పిల్ల నేర్చుకుంది. ఆ పూట ఆ పిల్ల నేర్పింది, ఆమె నేర్చుకుంది. లిఫ్టు ఆగిందంటే మెకానిక్కుకి కబురు కంప్యూటర్ నుంచే దానంతటదే వెళ్లిపోతుంది. ఇక ఇరుక్కున్నవాళ్ల ఫోనూ, ఆరు దాటాక వచ్చే ఏ ఫోనైనా, యజమానికే.

మర్నాడు సాయంత్రం భర్త టీ తాగుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. "ఆరు దాటాక వచ్చే ఫోన్లు ఇక మీకే వస్తాయి. ఇరుక్కున్నవాళ్లవైతే పగలైనా మీకే. నేనే మార్చాను," అంది.

అతను నవ్వాడు, వేళాకోళమనుకుని. నవ్వు ముఖం మీద ఉండగానే అతని ఫోను మోగింది. ఎత్తాడు. రంగు మారింది.

"బట్టల కొట్టు లిఫ్టు. ఎవరో ఇరుక్కున్నారు. ఇదిగో, మాట్లాడు," అని ఫోను చాచాడు. ఇన్నేళ్లుగా అలవాటైన చెయ్యి, ఆసుపత్రిలో చెవికి ఆనించిన చెయ్యి.

ఆమె అందుకోలేదు. ఫోన్లోంచి ఎవరిదో ఏడుపు సన్నగా వినిపిస్తోంది. ఆ ఏడుపుకి ఆమె కాళ్లు గడప మీదే ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఆమెని కట్టిపడేసింది మొగుడూ కాదు, అత్తా కాదు, ఆ ఏడుపే. అది వాళ్లకీ తెలుసు.

"అవతల మనిషి ప్రాణం మీదికొస్తే నీకు షికారేంటే?" అన్నారు అత్తగారు.

"మెకానిక్కుకి కబురు వెళ్లింది, బయల్దేరి ఉంటాడు అత్తయ్యా. మాట్లాడటానికి మీ అబ్బాయి ఉన్నారు."

"నేనేం మాట్లాడను?" అన్నాడు భర్త. ఫోను చెవి దాకా తెచ్చి మళ్లీ దించాడు. "నాకు రాదు. ఏం మాట్లాడాలి?"

అదే మాట ఆ పిల్లా అడిగింది. ఆ పిల్ల అడిగినప్పుడు ఇతనేం చెప్పాడో ఆమెకి గుర్తుంది. ఏముంది, అని. ఆ మాటే తిరిగి అనొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. లోపలున్న మనిషి కోసం మింగేసింది.

"భయపడొద్దని మాత్రం అనకండి. చెప్పులు విప్పి కూర్చోమనండి. సంచిలో ఏముందో అడగండి. జవాబు చెబితే వినండి."

మెట్లు దిగింది.  ఇది గెలుపులా లేదు. రాత్రి ఇంట్లో ఏం మిగిలి ఉంటుందో తెలియదు, రేపు ఈ చెప్పులు ఎక్కడికి విసిరేస్తారో తెలియదు. మలుపు అవతల పట్టాల పక్క రోడ్డు మీద అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. పైనుంచి అతని గొంతు వినిపిస్తోంది. "హలో... హలో... సంచిలో... సంచిలో ఏముందండీ?"

ఆమె నడుస్తూనే ఉంది. ఇక మీ పని మీది. చేతిలో ఫోను పెట్టుకుని వంటింటి వైపు చూడకండి, అక్కడ ఎవరూ లేరు. మాట్లాడండి. తలుపు తెరుచుకునేదాకా మాట్లాడండి. మధ్యలో పెట్టేయకండి.