రెండో ముద్ద

"ఇవాళ నీకు వంట సెలవు జెనెట్, సాయంత్రం బయట తిందాం" అన్నాడు హబ్తాము పొద్దున్నే, బూట్ల లేసులు బిగించుకుంటూ. పెళ్ళిరోజు మొగుడికి గుర్తున్నందుకే ఆమెకు కడుపు నిండిపోయింది. ఆ నిండిన కడుపుతోనే ఆఫీసులో పూట సెలవు పెట్టి ఇంటికొచ్చి, పులిసిన పిండి కలుపుకుని పెనం ముందు కూర్చుంది. అత్తగారికి వేడి ఇంజెరా అట్టు లేనిదే గొంతు దిగదు. కూతురు సోలియానా నిన్నటి పప్పు ముట్టదు. అట్లు పోసి, ఉల్లిపాయలు తరిగి, కోడికూర దింపి, స్నానం చేసి మంచి గౌను తొడుక్కునేసరికి పొద్దు వాలింది. వంట సెలవంటే వండిపెట్టి తినకుండా వెళ్ళడమని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే కొట్లో తిండేమిటో! బయటికి తీసుకెళ్ళమని మొగుణ్ణి అడిగే ఆడదాన్ని మా కాలంలో చూళ్ళేదమ్మా" అంది అత్తగారు, కోడి తొడ వెతుక్కుంటూ. జెనెట్ అడగలేదు. ఆ సంగతి చెప్పినా వినేదెవరు?

నిజానికి ఆమె ఆశ తిండి మీద కాదు. చెబితే నవ్వుతారు గానీ, ఒక్క ముద్ద మీద. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఊళ్ళో, ప్రేమ ఉన్నవాళ్ళు అట్టు తుంచి, కూర చుట్టి, ఎదుటివాళ్ళ నోటికి అందిస్తారు. అదే గుర్షా. ఒక్క గుర్షా తగవు పెడుతుందని సామెత, అందుకే ఒకటి పెట్టిన చెయ్యి వెంటనే రెండోదీ పెడుతుంది. పెళ్ళి విందులో హబ్తాము ఆమెకు మొదటిది పెట్టాడు. రెండోది చుట్టబోతుంటే ఎవరో మేనమామ కేకేశాడు. "ఇంటికెళ్ళాక పెడతాలే" అని నవ్వుతూ లేచిపోయాడు. ఆ ఇంటికి అతను ఇంకా రాలేదు. అప్పట్నుంచీ ఏ పూటైనా ఆమె చేతి మొదటి ముద్ద అతనికే. ఒకప్పుడు పేపర్లోంచి, ఇప్పుడు ఫోన్లోంచి, తలెత్తకుండానే నోరు తెరుస్తాడు. తర్వాత అత్తగారికి, ఆ తర్వాత పిల్లకి. ఆమె సరిగ్గా తినడం మొదలుపెట్టేసరికి మిగతావాళ్ళు చేతులు కడుక్కుంటుంటారు. ఒకసారి సిగ్గు విడిచి అడిగింది కూడా. "నువ్వేమైనా చంటిపిల్లవా?" అన్నాడు.

హబ్తాము తీసుకెళ్ళిన ఇటాలియన్ హోటల్ వాళ్ళ వీధి చివరే ఉంది. రోజూ కూరగాయల సంచీతో ఆమె దాని అద్దాల ముందు నుంచే నడుస్తుంది. లోపల దీపాలు, తెల్లటి బల్లగుడ్డలు, జంటలు. అక్కడ కూర్చుంటే మనుషులు మెత్తబడతారేమో అనుకునేది. తీరా కూర్చున్నాక చూస్తే ఎవరి కంచం వాళ్ళది. మధ్యలో ఒక కొవ్వొత్తి, ఒక పువ్వు, అవతల హబ్తాము ఫోను.

పెద్ద కంచం నడిమధ్య గుప్పెడు స్పాగెట్టి వచ్చింది. కొరికితే పలుకు తగిలింది. కారం ఊసే లేదు. ఇంట్లో అయితే మెత్తగా ఉడికించి, ఎర్రగా కారం దట్టించి, ఇంజెరాలో చుట్టుకుని తింటారు. ఆ అలవాటుకొద్దీ నోరు జారింది. "చెల్లీ, కాస్త ఇంజెరా ఉంటే తెస్తావా?"

వడ్డించే అమ్మాయి పెదవి కొరుక్కుంది. "లోపల మేం తినడానికి ఉంది అక్కా. కానీ బల్ల మీద పెట్టనివ్వరు."

ఆ అమ్మాయి వెళ్ళీ వెళ్ళకముందే హబ్తాము పళ్ళ బిగువున అన్నాడు. "పరువు తియ్యకు. ఇదేమైనా మీ అమ్మ వంటిల్లనుకున్నావా? ఫోర్కుతో తిను. చెయ్యి పెట్టావంటే చూడు!"

ఆమె ఫోర్కు పట్టుకుంది. స్పాగెట్టి జారిపోతూనే ఉంది.

అప్పుడు తలుపు తోసుకుని హబ్తాము పై అధికారి అయెలె గారు వచ్చారు. హబ్తాము కుర్చీ పడేసినంత పని చేసి లేచాడు. "సార్, మీరా! రండి, రండి. మా పెళ్ళిరోజు సార్, కూర్చోకపోతే ఎలా?" ఆయన్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తన కంచంలోని రొట్టె చేత్తోనే తుంచి, వేయించిన మాంసం పెట్టి, పొందికగా మడిచి ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"వద్దయ్యా, ఇంట్లో వండి ఉంటారు."

"నా మీద ఒట్టు సార్! కాదనకూడదు."

ఆయన నోరు తెరిచారు. మింగీ మింగకముందే హబ్తాము ఇంకోటి మడిచాడు. "ఒక్కటైతే తగవట కదా సార్!"

అయెలె గారు మీసం తుడుచుకుంటూ పగలబడి నవ్వారు. "అదృష్టవంతురాలివమ్మా! ఇంట్లో రోజూ ఇలాగేనా?"

"మరే సార్!" అన్నాడు హబ్తాము.

జెనెట్ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. ఆ చేతికి ముద్ద చుట్టడం రాదని ఇన్నాళ్ళూ తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఎంత బాగా వచ్చో! చెయ్యి తిరిగిన నేర్పుతో చుట్టాడు. నిండిన హోటల్లో, మొగుడి ఎదురుగా కూర్చుని, ఆమెకు ఈ భూమ్మీద తనకెవరూ లేరనిపించింది. ఏడవాలనిపించింది గానీ ఏడవడానికి కూడా ఎవరో ఒకరు చూడాలి కదా.

ఇంటికి నడుస్తూ "బాగుంది కదా?" అన్నాడు.

"బాగుంది" అంది.

మర్నాడు శనివారం మధ్యాహ్నం ఎప్పట్లాగే పళ్ళెం మీద ఇంజెరా పరిచి, నడుమ ఎర్రగా కూర వంచింది. అందరూ చుట్టూ చేరారు. ఆమె అట్టు తుంచింది, మెత్తటి ముక్క ఏరి, పులుసులో అద్ది చుట్టింది. ఫోను చూస్తూనే హబ్తాము నోరు తెరిచాడు.

జెనెట్ ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది. ఉప్పూ కారం సరిగ్గా సరిపోయాయి. ఇంత బాగా వండుతానని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సోలియానా నమలడం ఆపి తల్లిని చూసింది. హబ్తాము నోరు ఇంకా తెరిచే ఉంది.

"అదేం విడ్డూరమే! ఎవరి గుర్షా వాళ్ళే పెట్టుకుంటారా?" అంది అత్తగారు.

"అవును అత్తయ్యా, ఒక్కటైతే తగవట" అంటూ జెనెట్ తన కోసం రెండోది చుట్టుకుంది.